పెద్ద సినిమా విసిగించాక ఇంట్లో ఏం చూడాలి: కొన్ని చిన్న సినిమాలు, ఎవరికి ఏది

అమ్మకు డెబ్బై దాటాయి. థియేటర్‌కు తీసుకుపోయి చాలా ఏళ్లయిందని పోయిన వేసవిలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఒక పెద్ద హీరో సినిమాకు పోయాం. నలుగురికి టికెట్లు, ఇంటర్వెల్లో సమోసాలు, కూల్‌డ్రింకులు, రానూపోనూ ఆటో, అంతా కలిసి పదహారు వందలు దాటింది. సెకండాఫ్ మొదలైన కాసేపటికే అమ్మ చెవుల మీద కొంగు కప్పుకుంది. ఆట వదిలాక అనంతపురం సప్తగిరి సర్కిల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఆయప్ప ఎందుకురా నాయనా అంతమందిని నరికింది?" అని అడిగింది. చెబుదామని నోరు తెరిచాను. మూడు గంటలు చూసి వచ్చిన కథ నాకే సరిగ్గా గుర్తుకు రాలేదు.

ఆ వారంలోనే ఒక రాత్రి నిద్ర పట్టక టీవీలో 'కూళాంగల్' అనే తమిళ సినిమా పెట్టుకున్నాను. పేరుకు అర్థం గులకరాళ్లు. పి.ఎస్. వినోద్‌రాజ్ మొదటి సినిమా. 2021లో రోటర్‌డామ్ చిత్రోత్సవంలో టైగర్ అవార్డు తెచ్చుకుంది, ఆ ఏడాది ఆస్కార్‌కు మన దేశం పంపిన సినిమా కూడా ఇదే. గంటా పావు నిడివి. ఒక తాగుబోతు తండ్రి, అలిగి పుట్టింటికి పోయిన భార్యను పిలుచుకొచ్చేందుకు బళ్లో ఉన్న కొడుకును వెంటబెట్టుకొని పోతాడు. తిరుగు దారిలో ఇద్దరూ మండుటెండలో 13 కిలోమీటర్లు నడుస్తారు. కథంతా ఇంతే.

మధ్యలో అమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు తమిళం రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. ఏం జరుగుతోందో నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. పిల్లాడు దప్పికకు ఆగలేక ఒక గులకరాయి తీసి బుగ్గన పెట్టుకుంటాడు, చూడండి, అక్కడ "అయ్యో" అంది. చివర్లో కొందరు ఆడవాళ్లు నేలలో తవ్విన గుంత చుట్టూ బిందెలు పెట్టుకొని కూర్చుని ఉంటారు. ఒకామె గుంతలోకి దిగి ఊరిన నీళ్లను కొంచెం కొంచెంగా తోడుతుంటుంది. కెమెరా కదలదు. నీళ్లు ఎంతసేపటికి ఊరితే అంతసేపూ మనం కూడా కాచుకోవాల్సిందే. అప్పుడు అమ్మ, "మేం గూడా హగరి ఏటి ఇసకలో చెలమ తవ్వి ఇట్లే కాసుకొని కూచుంటాంటిమి. ఊరేదాకా చెంబు ముంచేదానికి లేదు" అంది. మా అమ్మ పుట్టింది కణేకల్లు వైపు పల్లెలో. ఈ మాట నేను పుట్టి ఇన్నేళ్లలో ఆమె నోట వినలేదు.

ఆ రాత్రి నుంచి ఇలాంటి సినిమాల కోసం వెతకడం మొదలుపెట్టాను. అన్నీ బాగున్నాయని కాదు. కొన్ని పేరుకే మంచి సినిమాలు, పదిహేను నిమిషాలకే నిద్ర పట్టింది. ఏడాదిగా చూసినవాటిలో ఏది ఎవరితో కూర్చొని చూడాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

పెద్ద సినిమా మనల్ని ఎందుకు నిరాశ పెడుతోంది

దీనికి నాకు కనిపించే కారణం వ్యాపారంలోనే ఉంది. పెద్ద హీరో సినిమా తీయకముందే సగం అమ్ముడుపోతుంది. ఓటీటీ హక్కులు, శాటిలైట్ హక్కులు, హిందీ డబ్బింగ్ హక్కులు, ఆపైన ఏరియాల వారీగా పంపిణీ. ఆ ఏరియాల్లో మన సీమ జిల్లాలకు సినిమావాళ్లు పెట్టుకున్న పేరు 'సీడెడ్'. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసినప్పటి మాట అది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు పెడితే మనమంతా ఆ పేరు ఇష్టంగా పెట్టుకున్నాం. సినిమా లెక్కల్లో మాత్రం ఇప్పటికీ సీడెడ్డే. సీడెడ్ అంటే మాస్ ఏరియా, ఇక్కడ ఫైట్లు ఆడతాయి, మాటల సినిమాలు ఆడవు అని ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. అందుకే పెద్ద సినిమాలో మన కోసమని ఇంకో రెండు ఫైట్లు కలుపుతారు, చిన్న సినిమాకు మన ఊళ్లో థియేటర్ దొరకదు.

1999లో 'సమరసింహారెడ్డి' నుంచి తెలుగు తెరకు సీమ అంటే సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులే అయిపోయింది. కర్నూలు కొండారెడ్డి బురుజును బయటి జిల్లాలవాళ్లు ఒక ఛేజింగ్ సీనుతోనే గుర్తుపడతారు. నాకు బాధ ఎక్కడంటే, తెలుగు సినిమాకు ఒద్దికగా, శ్రద్ధగా కథ చెప్పడం నేర్పినవాళ్లలో మనవాళ్లే ముందున్నారు. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి గారిది పులివెందుల ప్రాంతం. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. ఆ నేల మీద పుట్టిన మనం మంచి సినిమా చూడలేమని ఎవరో హైదరాబాదులో కూర్చొని తేల్చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అలాగని పెద్ద సినిమా మానేయమని చెప్పను. కళ్లకు, చెవులకు పండగ చేసేది, పెద్ద తెర మీదనే చూడాల్సింది ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. వాటికి మంచి సౌండు ఉన్న థియేటర్‌కు పోవాలి, స్నేహితులతో పోవాలి. అయితే మొదటి రోజే పోవద్దు. పెద్ద సినిమాలకు మొదట్లో టికెట్ రేటు పెంచుకునేందుకు ప్రభుత్వం తరచూ అనుమతి ఇస్తోంది, ఆ రోజుల్లో మనం కట్టేది హడావుడి ఖరీదు. నాలుగు రోజులాగితే రేటు తగ్గుతుంది, సినిమా ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఇంకాస్త ఆగండి, నెల రోజులు తిరక్కుండానే చాలా సినిమాలు ఓటీటీకి వచ్చేస్తున్నాయి. ఇంట్లో అయితే సౌండు మన చేతిలో ఉంటుంది.

చిన్న సినిమా, స్వతంత్ర సినిమా ఒకటి కావు

వెతుకులాటలో నేను మొదట బోల్తా పడింది ఇక్కడే. తక్కువ డబ్బుతో తీసిందల్లా మంచిదని అనుకున్నాను. తక్కువ డబ్బుతో, కొత్త మొహాలతో, పెద్ద సినిమా వేషాలే వేసేవి కోకొల్లలు. బూతు మాటల కామెడీ, పాడుబడ్డ బంగళాలో దయ్యం, ఊరికే తిరిగే హీరో చుట్టూ అమ్మాయి. వీటికంటే పెద్ద సినిమానే నయం, కనీసం ఫొటోగ్రఫీ అయినా బాగుంటుంది.

నేను స్వతంత్ర సినిమా అని దేన్ని అంటానంటే, హీరో మార్కెట్‌ను బట్టి కాకుండా చెప్పాల్సిన కథను బట్టి తీసినదాన్ని. బ్యానర్ పేరు చూసి ఇది తేల్చలేం. 'కేరాఫ్ కంచరపాలెం' బయటి డబ్బుతో, కొత్తవాళ్లు తీశారు, తర్వాత సురేష్ ప్రొడక్షన్స్ వాళ్లు తమ పేరు మీద విడుదల చేశారు. 'బలగం' అయితే దిల్ రాజు గారి ఇంటి సంస్థే తీసింది, లెక్క ప్రకారం అది స్వతంత్ర సినిమా కాదు. అయినా 2023లో ఆ సినిమాను తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. 'కూళాంగల్' వెనక కూడా నయనతార, విఘ్నేశ్ శివన్ ఉన్నారు. కాబట్టి ఎవరు తీశారన్నది పక్కనపెట్టి, తెర మీద మనుషులు ఎలా మాట్లాడుతున్నారో చూడండి. ఆ ఊరివాళ్లు మాట్లాడుకున్నట్టు ఉంటే సగం గెలిచినట్టే.

ఇంట్లో అందరూ, పిల్లలతో సహా కూర్చుంటే

ఇక్కడ పోటీ రెండింటి మధ్య. 'సినిమా బండి', '35 చిన్న కథ కాదు'.

'సినిమా బండి' 2021లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆటో నడిపే వీరబాబుకు ఎవరో ఆటోలో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊళ్లో ఒక సినిమా తీస్తే డబ్బులొస్తాయి, ఊరి కష్టాలు తీరతాయి అనుకుంటాడు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే గణ కెమెరామన్, క్షవరం చేసే మరిడేశ్ హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. కర్ణాటక సరిహద్దు పల్లె యాసలో మాటలుంటాయి. హిందూపురం, మడకశిర వైపువాళ్లకు పక్కింటి మాటల్లా వినిపిస్తాయి. ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. పల్లెటూరివాళ్ల అమాయకత్వాన్ని చూసి నవ్వమని ఈ సినిమా ఎక్కడా చెప్పదు. వాళ్లు సీరియస్‌గా పని చేస్తుంటే మనకు నవ్వొస్తుంది, కాసేపటికి వాళ్ల పని పూర్తవ్వాలని మనకే టెన్షన్ మొదలవుతుంది. గంటా నలభై నిమిషాల లోపే అయిపోతుంది.

'35' 2024లో వచ్చింది, నందకిశోర్ ఈమాని తీశారు. తిరుపతిలో జరిగే కథ. లెక్కల్లో సున్నా అంటే ఏమీ లేనప్పుడు దాన్ని అంకె పక్కన పెడితే విలువ ఎలా పెరుగుతుందని అడిగే పిల్లాడు, వాడికి ముప్పై అయిదు మార్కులు తెప్పించడానికి తానే మళ్లీ లెక్కలు నేర్చుకునే తల్లి. తల్లిగా నివేతా థామస్ చాలా బాగా చేసింది. నా కూతురు ఎనిమిదో తరగతి. సినిమా అయ్యాక నోట్‌బుక్ తెచ్చి, "నాన్నా, నువ్వు చెప్పు, సున్నా అంటే ఏంటి?" అని కూర్చుంది.

రెండింట్లో ఒకటే చూడగలిగితే? బడి చదువులో నలుగుతున్న పిల్లలుంటే '35' పెట్టండి. అది కొంచెం నెమ్మది, కొన్నిచోట్ల కన్నీళ్లు పెట్టించాలన్న తాపత్రయం కనిపిస్తుంది. అలాంటి అవసరం లేకుంటే 'సినిమా బండి'కే నా ఓటు. చిన్న సినిమాలంటే ఏడుపు సినిమాలని భయపడే బావమరిదో, తమ్ముడో ఇంట్లో ఉంటే మొదట చూపించాల్సింది కూడా అదే.

భార్యాభర్తలు ఇద్దరే కూర్చుంటే

'కేరాఫ్ కంచరపాలెం' అని కళ్లు మూసుకుని చెబుతాను. 2018లో వెంకటేశ్ మహా తీసిన మొదటి సినిమా. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే తీశారు, ఆ పేటవాళ్లే చాలామంది నటించారు. బడి వయసు నుంచి యాభైకి దగ్గరపడిన వయసు దాకా నాలుగు ప్రేమకథలు. యాభైకి దగ్గరలో ఉండి పెళ్లికాని అటెండర్ రాజు, ఆ ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన రాధ మేడమ్. ఇద్దరూ కూర్చొని మాట్లాడుకునే తీరు చూడండి, హడావుడి ఉండదు, గొప్ప డైలాగులుండవు. ఆ వయసులో ఒక మనిషి తోడు కోరుకోవడాన్ని ఎవరూ ఎగతాళి చేయకుండా చూపించడం మన సినిమాల్లో అరుదు. చివర్లో ఒక సంగతి తెలుస్తుంది, దాన్ని ఎవరు చెప్పబోయినా వినకండి. రెండున్నర గంటలు ఉంటుంది, కాబట్టి రాత్రి పదింటికి మొదలుపెట్టొద్దు. మొదటి అరగంట నాలుగు కథల మధ్య తిరుగుతూ కాస్త అయోమయంగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి.

కన్నడం వచ్చిన ఇళ్లకు

మన జిల్లాలకు ఉన్న ఒక వరాన్ని మనం వాడుకోవడం లేదు. మడకశిర, హిందూపురం, రాయదుర్గం, గుంతకల్లు, ఆదోని వైపు ఎన్నో ఇళ్లలో కన్నడం వింటే అర్థమవుతుంది. కన్నడంలో స్వతంత్ర సినిమాలు మనకంటే ముందున్నాయి.

'తిథి' చూడండి. రామ్ రెడ్డి తీశారు, 2015లో లొకార్నో చిత్రోత్సవంలో కొత్త దర్శకుల విభాగంలో గోల్డెన్ లెపర్డ్ వచ్చింది. మండ్య జిల్లా పల్లెలో 101 ఏళ్ల సెంచురీ గౌడ పోతాడు. పదకొండో రోజు కర్మ లోపల కొడుకు, మనవడు, మునిమనవడు ముగ్గురూ మూడు దారులు. కొడుకు గడ్డప్పకు ఆస్తి అక్కర్లేదు, సీసా పట్టుకొని చేల గట్ల మీద తిరుగుతుంటాడు. మనవడు తమ్మన్నకు భూమి అమ్ముకోవాలి. మునిమనవడికి ఒక గొర్రెల కాపరి అమ్మాయి కావాలి. నటించినవాళ్లంతా పల్లె మనుషులే. గడ్డప్పలాంటి ముసలాయన మన ప్రతి ఊరి రచ్చబండ మీదా ఉంటాడు.

'బలగం', 'తిథి' రెండూ చావు చుట్టూ అల్లినవే కాబట్టి ఏది ముందు అంటే, ఇద్దరన్నదమ్ములు మాట్లాడుకోని ఇంట్లో 'బలగం' చూడాలి. అది ఏడిపిస్తుంది, ఏడిపించాలనే తీశారు. చివర్లో బుడగజంగాల పాట వస్తుంటే మా పక్కింటాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఏడుపు వద్దనుకునేవాళ్లకు 'తిథి'. అందులో చావు కూడా ఊరి పనుల్లో ఒక పనిలాగే జరిగిపోతుంది. నా మనసుకు 'తిథి' ఎక్కువ దగ్గరైంది.

బళ్లారి వైపు కన్నడం తెలిసినవాళ్లు 'శివమ్మ' కూడా వెతకండి. కొప్పళ జిల్లా పల్లెలో బడిలో వంట చేసే ఒకావిడ ఇంటి అప్పులు తీర్చడానికి నెట్‌వర్క్ మార్కెటింగ్ పొడి అమ్మడంలో దిగుతుంది. 2022లో బుసాన్ చిత్రోత్సవంలో అవార్డు అందుకుంది. ఇలాంటి గొలుసు వ్యాపారంలో ఇరుక్కున్న ఇల్లు మన వీధుల్లోనూ ఉంది కదా, అందుకే చెబుతున్నాను.

ఒంటరిగా, లేదా కరువు చూసిన పెద్దలతో

'కూళాంగల్' గురించి పైన చెప్పాను. ఇది అందరికీ కాదు. తండ్రి కొడతాడు, తిడతాడు, అతనిలో ఒక మంచితనం దాగుందని సినిమా సర్దిచెప్పదు. చిన్నపిల్లలకు చూపించొద్దు. కథ ముందుకు పోవడం లేదని చికాకు పడేవాళ్లకు కూడా వద్దు. ఎండలో నడిచినవాళ్లు, నీళ్ల కోసం కాచుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం వాళ్ల పక్కన కూర్చొని చూడండి. సినిమా అయ్యాక టీవీ వెంటనే కట్టేయకుండా కాసేపు అలాగే ఉండండి, ఏదో ఒకటి చెబుతారు.

ఇంకా వెనక్కి పోవాలనిపిస్తే తెలుగులోనే బి. నర్సింగరావు గారి 'దాసి' ఉంది, 1988 నాటిది, దొర గడీలో బతుకు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. చాలా నిదానం. నేను చెప్పినవాటిలో మూడు నాలుగు చూశాక దానికి రండి, మొదటే పెడితే ఇక చిన్న సినిమా వద్దంటారు ఇంట్లో.

పెట్టేముందు, పెట్టాక

రివ్యూల రేటింగు నేను చూడడం మానేశాను. సినిమా చూసినవాళ్లను "నీకు గుర్తున్న సీను ఒకటి చెప్పు" అని అడుగుతాను. ఒక సీను కళ్లకు కట్టినట్టు చెప్పగలిగితే ఆ సినిమా చూస్తాను. "సూపరుంది, చూడు" అంటే చూడను. ఇప్పటిదాకా ఈ పద్ధతి నన్ను ఒక్కసారే మోసం చేసింది.

ఇరవై నిమిషాలు ఫోన్ పక్క గదిలో పెట్టి చూడండి. చిన్న సినిమాలో ప్రతి అయిదు నిమిషాలకు ఒక కుదుపు ఉండదు, ఫోన్ చూస్తూ చూస్తే తప్పకుండా బోర్ కొడుతుంది. ఇరవై నిమిషాల తర్వాత కూడా ఆ మనుషులు ఏమవుతారో తెలుసుకోవాలనిపించకపోతే ఆపేయండి. మంచి సినిమా అన్నారు కదా అని బలవంతంగా చూడాల్సిన పని లేదు.

ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో పేరు కొట్టి చూసుకోండి, అప్పుడప్పుడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతుంటాయి. ఒక సినిమా కోసం ఏడాది చందా కట్టొద్దు. నెల చందా కట్టి, ఆ నెలలో ఆ యాప్‌లో ఉన్న మూడు నాలుగు చూసేయడం మేలు. మా ఇంట్లో అలాగే చేస్తున్నాం, నెలకొక యాప్.

చిన్న తెలుగు సినిమా ఎప్పుడైనా మన ఊరి థియేటర్‌కు వస్తే మటుకు ఓటీటీ కోసం ఆగకండి. అనంతపురమైనా, కడపైనా, కర్నూలైనా దానికి దొరికేది రోజుకు ఒకటో రెండో ఆటలు, వచ్చే శుక్రవారం ఇంకో సినిమా దిగితే అవీ పోతాయి. శని, ఆదివారాల్లో హాల్లో జనం కనిపిస్తే ఇంకో వారం ఉంచుతారు. సీడెడ్‌లో ఇలాంటివి ఆడవు అనే మాటకు మనం ఇవ్వగలిగిన జవాబు ఆ రెండు రోజుల టికెట్లే.

వచ్చే నెల కణేకల్లు నుంచి పెద్దమ్మ వస్తోంది. ఆ చెలమ సినిమా ఆమెకు చూపించాలని అమ్మ ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది. ఈసారి కింద వచ్చే అక్షరాలు చదివి తెలుగులో చెప్పే పని నా కూతురు తీసుకుంటానంది. పిల్లలకు వద్దని నేనే పైన రాశాను కదా, దాని గురించి ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటున్నాం.